సీఆర్‌పీ పెరిగితే రక్తనాళాలు వాచినట్టేనా?

ప్రశ్న: డాక్టరు గారూ, మా పాపకు నాలుగేళ్లు. పుట్టుకతోనే గుండె కింది గదుల మధ్య గోడకు పెద్ద రంధ్రం ఉంది. ఆపరేషన్‌కు ముందు చేసిన పరీక్షలో సీఆర్‌పీ లీటరుకు 18 మిల్లీగ్రాములు ఉందని వాయిదా వేశారు. రక్తనాళాలు వాచాయని దీని అర్థమా? ఐకామ్, వీకామ్ పరీక్షలు కూడా చేయించాలా?
— ఒక తల్లి

జవాబు: అమ్మా, ఆ అంకెను బట్టి రక్తనాళాలు వాచాయని చెప్పలేం. ఒంట్లో ఎక్కడ ఇన్‌ఫెక్షన్ సోకినా, కణజాలం దెబ్బతిన్నా కాలేయం తయారుచేసే ప్రొటీన్ సీఆర్‌పీ. జలుబు, చెవిపోటు, చీము పట్టిన పన్ను, ఏదైనా కారణం కావచ్చు. వాయిదా వేయడం సబబేనని నా అభిప్రాయం. ఆపరేషన్‌లో రక్తం గుండె-ఊపిరితిత్తుల యంత్రం గుండా ప్రవహించడమే శరీరంలో ఇన్‌ఫ్లమేషన్‌ను (వాపు ప్రక్రియను) రేపుతుంది కనుక, దానికి ముందే ఉన్న ఇన్‌ఫెక్షన్ తోడైతే పాప కోలుకోవడం కష్టమవుతుంది. కారణం తొలగితే సీఆర్‌పీ సుమారు 19 గంటలకోసారి సగానికి పడిపోతుంది కాబట్టి, కొద్ది రోజుల తర్వాత మళ్లీ చూస్తే సంగతి తెలుస్తుంది.

అయితే మీ అనుమానం పూర్తిగా నిరాధారం కాదు. రంధ్రం పెద్దదైనప్పుడు ఎడమ జఠరిక (గుండె ఎడమవైపు కింది గది)లోని రక్తం కుడివైపుకు మళ్లి, ఊపిరితిత్తుల నాళాల్లోకి ఎక్కువ మోతాదులో, ఎక్కువ ఒత్తిడితో చేరుతుంది. ఆ తాకిడికి నాళాల లోపలి పొర కణాలు తెల్లరక్తకణాలను పట్టి ఆపే కొక్కేల్లాంటి ఐకామ్, వీకామ్ అణువులను పైకి తెస్తాయి. వాటిలో కొన్ని రక్తంలో కలుస్తాయి, పరిశోధకులు కొలిచేది వాటినే. ఏళ్ల తరబడి ఇదే సాగితే నాళాల గోడలు మందమై, రంధ్రం మూసినా ప్రయోజనం లేని స్థితి రావచ్చు. అందుకే ఇన్‌ఫెక్షన్ తగ్గాక ఆపరేషన్‌ను ఇంకా సాగదీయకండి.

ఇంత చెప్పినా, ఆ పరీక్షలు మీ పాపకు అవసరం లేదు. పిల్లల చికిత్సలో నిర్ణయం తీసుకోవడానికి ఆధారపడదగిన, అందరూ అంగీకరించిన హద్దులు వాటికి లేవు. ఆ అణువులు ఏ అవయవం నుంచి వచ్చాయో కూడా అవి చెప్పలేవు. ఎకో (గుండె స్కానింగ్)లో కనిపించే రంధ్రం పరిమాణం, ఊపిరితిత్తుల నాళాల్లో ఒత్తిడి, పాప బరువు పెరిగే తీరు, ఇవే నిర్ణయానికి ఆధారం.

ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. కారణం తెలియని జ్వరం రోజుల తరబడి వదలకపోతే గుండె లోపలి పొరకు ఇన్‌ఫెక్షన్ సోకిందేమోనని అనుమానించాలి. అలాంటప్పుడు సొంతంగా యాంటీబయాటిక్ వేయకుండా పాపను వెంటనే గుండె వైద్యుడికి చూపించండి. మందు మొదలుపెట్టాక తీసిన రక్తంలో కల్చర్ పరీక్షకు (రక్తంలోని క్రిమిని పెంచి గుర్తించే పరీక్ష) క్రిమి చిక్కకపోవచ్చు.