షూ ఇంకెన్నాళ్లు లాగొచ్చు?

ప్రశ్న: నాకు నలభై రెండేళ్లు. హనుమకొండలో ఒక ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. వారానికి ఐదు రోజులు పొద్దున్నే ఐదేసి కిలోమీటర్లు పరిగెడతాను. ఈ షూ కొని రెండేళ్లు దాటింది. పైన ఎక్కడా చిరగలేదు, అడుగున మడమ దగ్గర బయటివైపు మాత్రం అరిగింది. ఇదే షూతో కూరగాయలకు వెళ్తాను, బండి మీద స్కూలుకూ వెళ్తాను. "ఇంక వాటిని వదిలేయండి" అని మా ఆవిడ ఒకటే పోరు. పిల్లలిద్దరి ఫీజులు కట్టాక నాలుగు వేలు పెట్టి షూ కొనాలంటే చెయ్యి రావడం లేదు. ఈమధ్య మోకాలి కింద, ముందువైపు ఎముక వెంబడి నొప్పి వస్తోంది. ఇంకెన్నాళ్లు లాగొచ్చు?

జవాబు: పరుగుకైతే ఇంక వద్దండీ. మిగతా పనులకు మాత్రం వాటికి ఇంకా ఆయుష్షు ఉంది, దాని సంగతి కింద చెప్తాను.

ముందు లెక్క చూడండి. వారానికి 25 కిలోమీటర్లు. సెలవులూ జ్వరాలూ వానలూ తీసేసినా ఏడాదికి వెయ్యికి తగ్గదు, రెండేళ్లకు రెండు వేలు. మామూలు రన్నింగ్ షూ 500 నుంచి 800 కిలోమీటర్ల దాకా బాగా పనిచేస్తుందని సాధారణంగా చెప్పే మాట. సన్నగా ఉండి మట్టి గ్రౌండులో పరిగెత్తేవాళ్లకు ఇంకొంచెం ఎక్కువ రావచ్చు, బరువున్నవాళ్లు సిమెంటు రోడ్డు మీద పరిగెత్తితే ముందే అయిపోవచ్చు. మీరు ఎటునుంచి చూసినా ఆ హద్దు ఎప్పుడో దాటేశారు, పైగా క్లాసులో నిలబడిన గంటలూ బజారు నడకలూ నేనింకా ఇందులో కలపలేదు.

పైన చిరగలేదు కదా అంటారు. షూలో ముందుగా అయిపోయేది పైగుడ్డ కాదు, అడుగు రబ్బరూ కాదు, ఆ రెంటి మధ్య ఉండే ఫోమ్. చాలా షూల్లో అది ఇ.వి.ఎ. అనే పదార్థం, నిండా కంటికి కనపడనంత చిన్న గాలి గదులుంటాయి. పరిగెత్తేటప్పుడు ప్రతి అడుగుకీ మన బరువుకు రెండు మూడింతల భారం దానిమీద పడుతుంది, ఐదు కిలోమీటర్లంటే ఒక్కో కాలికి రెండు మూడు వేల దెబ్బలు. ఆ గదులు నలిగి నలిగి కొన్నాళ్లకు మళ్లీ లేవవు. పాత దూదిపరుపు సంగతి మీకు తెలిసిందే, పైన దుప్పటి ఎంత బాగున్నా పడుకుంటే నేల తగులుతుంది. ఇదీ అంతే.

ఇంట్లోనే చూసుకోవచ్చు. షూ రెండూ బల్లమీద పెట్టి, వెనకనుంచి కంటి ఎత్తులో చూడండి. ఒకవైపు ఒరిగిపోయి నిలబడిందంటే ఫోమ్ ఆ వైపు కుంగినట్టు. పక్కల ఫోమ్‌లో అడ్డంగా లోతైన ముడతలు పడి ఉంటాయి, బొటనవేలితో నొక్కితే లోపలికి పోకుండా గట్టిగా తగులుతుంది. అంతకన్నా మంచి పరీక్ష షాపులో. ఒక కాలికి మీ పాతది, ఇంకో కాలికి కొత్తది వేసుకుని నాలుగడుగులు వేయండి, తేడా మీకే తెలిసిపోతుంది. మడమ బయటివైపు అరగడం గురించి మాత్రం టెన్షన్ వద్దు, చాలామందికి పాదం మొదట అక్కడే ఆనుతుంది కాబట్టి అక్కడే అరుగుతుంది. రెండు షూలూ వేర్వేరుగా అరిగితే, లేదా లోపలివైపు బాగా తినేస్తే అప్పుడు ఆలోచించాలి.

ఇక నొప్పి. షూ అరిగినంత మాత్రాన దెబ్బ తగలడం ఖాయమని ఎవరూ చెప్పలేరు, మీ నొప్పికి షూయే కారణమని నేనూ చెప్పలేను. ఉన్నట్టుండి దూరం పెంచినా వస్తుంది, పిక్కలు బిగుసుకుపోయినా వస్తుంది. రెండు వారాలు పరుగు ఆపి నడవండి. ఎముక మీద ఒకే చోట వేలు పెడితే చురుక్కుమంటున్నా, రాత్రి పడుకున్నప్పుడు కూడా నొప్పి ఉన్నా మాత్రం ఆలస్యం చేయకుండా ఎముకల డాక్టరుకు చూపించండి, ఎముకలో సన్నని పగులు కూడా అలాగే మొదలవుతుంది. అక్కడ డబ్బు వెనకాడొద్దు.

డబ్బు మాటకొస్తే, నాలుగు వేలు పెట్టాల్సిన పనే లేదు. మీరు పరిగెత్తే దూరానికి రెండు, రెండున్నర వేలలో దొరికే మామూలు రన్నింగ్ షూ చాలు. 2025 సెప్టెంబర్ 22 నుంచి జత 2,500 లోపు ఉంటే జీఎస్టీ 5 శాతమే, అది దాటితే 18 శాతం, కాబట్టి ఆ గీతకు ఇవతలే వెతకండి. కొత్త మోడల్ రాగానే పాత మోడల్ ధర తగ్గిస్తారు, అదే కొనండి, ఏడాదిలో పెద్దగా మారేదేమీ ఉండదు. అడుగు ఫోమ్‌లో కార్బన్ ప్లేట్ అనే గట్టి పలక ఉన్నవాటి జోలికి పోవద్దు, అవి పోటీల రోజుకి, రోజూ తొక్కడానికి కాదు. సాయంత్రం పూట వెళ్లి కొనండి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. పొడవాటి వేలి ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి.

కొన్నాక ఒక్కటి గట్టిగా పెట్టుకోండి, ఆ జత పరుగుకే. మీ ఎడమ షూ పైభాగం ఒకసారి చూడండి, బొటనవేలి మీద నల్లగా మరక పడి అక్కడ నేత పలచబడి ఉంటుంది. అది పరుగు వల్ల కాదు, బండి గేరు వల్ల. లేసు విప్పకుండా మడమ తొక్కి కాలు దూర్చడం కూడా మానేయండి, వెనక గట్టిగా ఉండే భాగం విరిగిపోతే ఇంక మడమకు పట్టు ఉండదు. తడిస్తే లోపలి అట్ట బయటికి తీసి, పాత పేపర్లు కుక్కి నీడలో ఆరబెట్టండి. మేడ మీద ఎండలో పెట్టినా, వాషింగ్ మెషీన్‌లో వేడినీళ్లతో ఉతికినా జిగురు వదిలేస్తుంది. ముక్కు దగ్గర నోరు తెరిస్తే చెప్పులు కుట్టే ఆయన దగ్గరికి తీసుకెళ్లండి, అతికించి నాలుగు కుట్లు వేస్తే చాలాకాలం వస్తుంది. అడుగున టైరు రబ్బరు మాత్రం వేయించొద్దు. నడకకు పర్వాలేదు గానీ బరువు పెరిగి అడుగు వంగదు, కుంగిన ఫోమ్ ఎలాగూ తిరిగిరాదు.

పాతవాటిని ఇప్పుడే పారేయక్కర్లేదు, మీ ఆవిడకు ఆ మాట నేనే చెప్పానని చెప్పండి. బండికీ బజారుకూ మొక్కలకు నీళ్లు పోయడానికీ అవి వేసుకోండి. అడుగు గాట్లు పూర్తిగా పోయి నున్నగా అయ్యాక మాత్రం వానాకాలంలో వద్దు, పాచి పట్టిన సిమెంటు మీద జారిపోతారు. ఎవరికైనా ఇవ్వాలనుకుంటే అంతకంటే ముందే, శుభ్రంగా కడిగి, కొత్త లేసు వేసి ఇవ్వండి. పనికిరానిది ఇంకొకరి చేతిలో పెట్టడం నాకైతే నచ్చదు.

ప్రశ్న: కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి ప్రాక్టీస్ చేస్తున్నాను. 1600 మీటర్లకు నా షూ అరిగిపోయి జారుతోంది. ఒలింపిక్స్‌లోనే ఒకాయన చెప్పుల్లేకుండా గెలిచాడట కదా, ఒట్టి కాళ్లతో పరిగెత్తమని గ్రౌండులో ఫ్రెండ్స్ అంటున్నారు. చేయొచ్చా?

జవాబు: తమ్ముడూ, ఆయన ఇథియోపియాకు చెందిన అబెబె బికిలా, 1960 రోమ్ ఒలింపిక్స్ మారథాన్ ఒట్టి కాళ్లతోనే గెలిచాడు. కానీ చిన్నప్పటినుంచీ అలా తిరిగిన పాదాలవి. 1964లో టోక్యోలో షూ వేసుకునే మళ్లీ గెలిచాడు, ఆ సంగతి మీ ఫ్రెండ్స్‌కి చెప్పు. ఇన్నాళ్లూ షూతో పరిగెత్తి, పరీక్ష ముందు ఉన్నట్టుండి తీసేస్తే పిక్కలమీదా మడమ నరం మీదా భారం పెరుగుతుంది, అది పట్టేస్తే ఇన్నాళ్ల కష్టమూ పోతుంది. అలవాటు చేసుకోవాలంటే నెలలు పట్టే పని, మెత్తని మట్టిలో కొద్దికొద్దిగా. ఇప్పుడు నీకు టైమ్ లేదు. తేలికైన షూ ఒకటి కొనుక్కో, ఈవెంట్స్‌కి కనీసం మూడు వారాల ముందు. ఆ రోజే కొత్త షూతో దిగొద్దు, బొబ్బలెక్కుతాయి.

ప్రశ్న: కాకినాడలో ఉంటాం. ఆఫర్‌లో కొన్న షూ అయ్యో అరిగిపోతాయేమోనని ఆరేళ్లు డబ్బాలోనే దాచాను. మొన్న వేసుకుని గేటు దాటేలోపే అడుగు పిండిలా రాలిపోయింది. మోసపోయానా?

జవాబు: అయ్యో, మోసం కాకపోవచ్చండీ. కొన్ని షూల అడుగు పాలీయురేథేన్‌తో చేస్తారు, గాలిలో తేమకు అది లోలోపలే విరిగిపోతుంది, వేసుకోకపోయినా సరే. మీది సముద్రం పక్క ఊరు, తేమ ఎక్కువ, ఇంకా త్వరగా పోతుంది. దాన్ని అతికించడానికి డబ్బు పెట్టకండి, జిగురు పట్టుకోవడానికి అక్కడ గట్టి పదార్థమే మిగలదు. డబ్బాలో ఇంకో జత ఏదైనా ఉంటే రేపటినుంచే వేసుకోండి.