19వ లైట్ డ్రాగూన్ల చరిత్ర రాస్తున్న అమ్మాయికి

అమ్మాయీ,

నువ్వు పంపిన రెండు అధ్యాయాలూ చదివాను. వాక్యం చక్కగా నడుస్తోంది. సరుకు దగ్గరే కాస్త తూకం తప్పింది. పావు శతాబ్దం మద్రాసు గడ్డ మీద గడిపిన ఈ ఇంగ్లీషు గుర్రపు రెజిమెంటు గురించి తెలుగులో పుస్తకం రావలసిందే. అందుకే మొహమాటం లేకుండా రాస్తున్నాను.

ముందు పెద్ద తప్పు. రెండో అధ్యాయంలో ఈ రెజిమెంటును 1809లో స్పెయిన్ పంపించి తలవేరా యుద్ధంలో దెబ్బ తినిపించావు. అక్కడ దెబ్బతిన్నది 23వ లైట్ డ్రాగూన్లు. నీ రెజిమెంటు కూడా పుట్టినప్పుడు 23వదే కాబట్టి పొరబడ్డావు. సర్ జాన్ బర్గోయిన్ 1781లో దీన్ని 23వ నంబరుతో పెట్టాడు. 1782లో ఓడలు మద్రాసు చేరాయి. అప్పటికి 19వ నంబరు వేరే రెజిమెంటుది, 1783లో దాన్ని రద్దు చేశారు. ఖాళీ అయిన ఆ నంబరు 1786లో నీ రెజిమెంటుకు వచ్చింది. తలవేరాలో ఉన్న 23వ రెజిమెంటు అసలు 26వది, 1802లో నంబరు మార్చుకుంది. అదే ఏడాది 25వది 22వదిగా మారింది. కనుక 1800 సెప్టెంబరు 10న కొనగల్ దగ్గర తిరుగుబాటుదారు ధోండియా వాఘ్ మీద నీ రెజిమెంటు పక్కన దూకిన రెజిమెంటు పేరు 25వ లైట్ డ్రాగూన్లు అనే రాయాలి.

ఒక పెద్ద కాగితం తీసుకుని నాలుగు గళ్లు గియ్యి. ఏడాది, అప్పటి నంబరు, నడిపిన అధికారి, మకాం. గోడకు అంటించుకో. ఏ కాగితంలో '19వ' అని కనబడ్డా ముందు ఆ గోడ వంక చూడు. తర్వాతి కాలంలో 19వ లాన్సర్లని భారతీయ రెజిమెంటు ఒకటుంది, 19వ హుస్సార్లని బ్రిటిష్ రెజిమెంటు ఒకటుంది. వెతికితే మూడూ కలగలిసి పడతాయి.

ఇక తలల లెక్క. ఆనాటి పట్టీల్లో 'ర్యాంక్ అండ్ ఫైల్' అని కనబడితే అందులో కార్పొరళ్లు, మామూలు రౌతులు మాత్రమే ఉంటారు. అధికారులు, సార్జెంట్లు, బాకా ఊదేవాళ్లు ఉండరు. మొత్తం కావాలంటే ఎనిమిదో వంతు కలపడం వాడుక, అంటే నూటికి పన్నెండు పైచిలుకు. నువ్వు ఒక పేజీలో కలిపిన లెక్క, ఇంకో పేజీలో కలపని లెక్క వాడావు. మధ్యలో నలభై మంది ఏమయ్యారని పాఠకుడు అడుగుతాడు. 'ట్రూప్'ను 'దళం' అనీ 'స్క్వాడ్రన్'ను కూడా 'దళం' అనీ అనువదించావు. ట్రూపు చిన్నది, రెండు ట్రూపులు కలిస్తే స్క్వాడ్రన్. వాటిని ట్రూపు, స్క్వాడ్రన్ అనే ఉంచు. గుర్రపు రెజిమెంట్లో అందరికన్నా చిన్న అధికారి కార్నెట్, ఎన్‌సైన్ కాదు.

అసలు సంగతి గుర్రం. రెండు అధ్యాయాల్లో కత్తి ఇరవై సార్లు మెరిసింది, దాణా ఒక్కసారీ రాలేదు. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదంటారు మనవాళ్లు. ఈ రెజిమెంటు చరిత్రలో సగం ఆ సామెతలోనే ఉంది. వాళ్లు ఇంగ్లండు నుంచి గుర్రాలు తేలేదు. మనుషులు దిగాక గుర్రాల్ని ఇక్కడే సమకూర్చుకున్నారు. మద్రాసు పద్ధతిలో ఒక్కో గుర్రానికి ఒక గుర్రపువాడు, ఒక గడ్డి కోసేవాడు. మాలిష్ చేసేదీ, నీళ్లు పెట్టేదీ, దాణా ఉడికించేదీ మనవాళ్లే. మకాం పడగానే కొడవలీ వల సంచీ పట్టుకుని గడ్డికి బయల్దేరేది కూడా మనవాళ్లే. నాలుగు వందల గుర్రాలున్నాయంటే ఎనిమిది వందల మంది ఇలాంటివాళ్లు వెంట నడుస్తున్నారన్నమాట. రెజిమెంటు హాజరుపట్టీలో వాళ్ల పేర్లుండవు. ఆ పట్టీలు లండన్ శివార్లలో క్యూలోని జాతీయ ఆర్కైవ్స్‌లో డబ్ల్యూఓ 12 వరుసలో ఉన్నాయి. పనివాళ్ల జాడ కావాలంటే ఈస్టిండియా కంపెనీ మద్రాసు ప్రభుత్వపు సైనిక కాగితాల్లో, ఎగ్మూరు ఆర్కైవ్స్‌లో వెతకాలి.

మద్రాసు కాగితాల్లో 'గ్రామ్' అని కనబడితే శనగలని రాసెయ్యకు. బెంగాల్ వైపు శనగలు. మన వైపు ఉలవలు. ఉలవల్ని ఉడికించి, ఆరబెట్టి, మెదిపి, మూతికి కట్టే సంచిలో పోసి పెడతారు. పచ్చివి పెడితే కడుపులో నాని ఉబ్బి గుర్రానికి శూల పుడుతుంది. నీళ్లు ముందు, దాణా తర్వాత. మకాం ఆలస్యమైతే ఉడికించే వేళ ఉండదు, కట్టెలు దొరకవు, నానీ నానని ఉలవలు పెడతారు, తెల్లారేసరికి పది గుర్రాలు నేల మీద పొర్లుతుంటాయి. ఏ యుద్ధంలోనూ లెక్కకు రాని నష్టం ఇది.

ఇప్పుడు ఒక లెక్క వెయ్యి. గుర్రానికి రోజుకు నాలుగు కిలోల దాణా అనుకో. 400 గుర్రాలకు 1,600 కిలోలు. ఎద్దు మీద 70 కిలోలు వేస్తే రోజుకు 23 ఎద్దుల బరువు. నెల రోజుల దండయాత్రకు దాదాపు 700 ఎద్దులు. అదీ ఒక్క రెజిమెంటుకు, గడ్డి లెక్కలోకి రాకుండా. ఆ ఎద్దులు కూడా మెయ్యాలి. లంబాడీల బిడారాలు లేకపోతే దక్కనులో ఏ రాణువా కదిలేది కాదని నీకు అప్పుడు అర్థమవుతుంది. 1791 మేలో గవర్నర్ జనరల్ కార్న్‌వాలిస్ టిప్పు సుల్తాను మీద దండెత్తి శ్రీరంగపట్నం గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు. మేత లేదు, ఎద్దులు చచ్చాయి. లాగే దిక్కు లేక పెద్ద ఫిరంగుల్ని తానే ధ్వంసం చేసుకున్నాడు. కొద్ది రోజులకే అప్పటికి మిత్రులైన మరాఠాల సైన్యం ధాన్యపు బజారుతో సహా వచ్చి కలిసింది! ఈ ఘట్టాన్ని నువ్వు 'వర్షాల వల్ల వెనుదిరిగారు' అని ఒక్క ముక్కలో తేల్చేశావు. కనీసం నాలుగు పేజీలు రాయి.

మరాఠాలతో జరిగిన అసాయె యుద్ధం అధ్యాయం ఇంకా మొదలుపెట్టలేదన్నావు. మంచిదే. 1803 సెప్టెంబరు 23 అది. ఆ పొద్దున ఇరవై మైళ్లు దాటి నడిచాక యుద్ధం మొదలైంది. ఈ మాట మొదటి పేరాలో ఉండాలి, ఎందుకంటే తర్వాత జరిగినదంతా అలిసిన గుర్రాల కథ. గుర్రపు బ్రిగేడును నడిపిన మాక్స్‌వెల్ చేతి కింద 19వ వాళ్లతోపాటు మద్రాసు నేటివ్ కావల్రీ 4, 5, 7వ రెజిమెంట్లున్నాయి. ఇంగ్లీషు పుస్తకాలు చాలావరకు మొదటి పేరు దగ్గరే ఆగిపోతాయి, నువ్వు ఆగకు. కుడివైపు పికెట్లు, అంటే ముందు నడిచే కావలి దళాలు, దారి తప్పి అసాయె ఊరి ఫిరంగుల ముందుకు పోయాయి. వాటి వెనకే 74వ పదాతి రెజిమెంటు పోయింది. వాళ్లు ముక్కలవుతుంటే గుర్రపు బ్రిగేడు దూకి కాపాడింది. అంతవరకూ అందరూ రాస్తారు. ఆ తర్వాత బ్రిగేడు ఆగలేదు, జుయా నది దాటి తరుముకుంటూ పోయింది, వరుస చెదిరింది, గుర్రాలకు ఊపిరి అందలేదు. రెండోసారి దూకమన్నప్పుడు మాక్స్‌వెల్ పడిపోయాడు, రౌతులు పక్కకు మళ్లిపోయారు. రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద కుంటుతుందంటారు గానీ, ఆ రోజు రౌతు గట్టివాడే, గుర్రమే అయిపోయింది. పన్నెండేళ్ల ముందు బెంగళూరు దగ్గర ఈ రెజిమెంటు అధికారి ఫ్లాయిడ్ ఇలాగే ముందుకు ఉరికి ముఖాన తుపాకి గుండు తిన్నాడు. రెండు ఘట్టాల్నీ ఒకదానికొకటి ఎదురుగా పెట్టి రాస్తే పుస్తకానికి వెన్నెముక దొరుకుతుంది.

అసాయెలో ఇంగ్లీషు సేనాని వెల్లస్లీ వైపు నష్టం 428 మంది మృతులు, 1,138 మంది గాయపడ్డవాళ్లు, 18 మంది జాడ లేనివాళ్లు. కూడితే 1,584. ప్రతి పట్టికనూ ఇలా కూడి చూసుకో. అచ్చు పుస్తకాల్లోనూ కూడిక తప్పులుంటాయి.

1806 జూలై 10 నాటి రాయవేలూరు తిరుగుబాటు గురించి మాత్రం చాలా జాగ్రత్తగా రాయాలి. నీ చిత్తుప్రతిలో అప్పుడు రెజిమెంటును నడిపిన గిలెస్పీ సినిమా హీరోలా వచ్చాడు. ముందు కారణం రాయి. కొత్త తలపాగా, గడ్డం తీయాలన్న ఉత్తర్వు, నుదుటి బొట్టు మీద నిషేధం. తర్వాత రాత్రి చీకట్లో చనిపోయిన 69వ రెజిమెంటు ఇంగ్లీషు సైనికుల గురించి రాయి. వాళ్లు వందకు పైనే. ఆ తర్వాతే ఆర్కాటు నుంచి వచ్చిన నీ రెజిమెంటు గుర్రాలు. కోట బయటున్న మేజర్ కోట్స్ పంపిన వార్త అందాక కదిలారు. దూరం పాతిక కిలోమీటర్లు. దుడుకు నడకలో గంటకు ఎనిమిది మైళ్లనుకుంటే రెండు గంటలు. కాబట్టి 'మెరుపులా' అనే మాట తీసెయ్యి. ముందు వచ్చిన రౌతులు గుమ్మం దగ్గర ఏమీ చేయలేకపోయారు. కత్తితో తలుపు తెరుచుకోదు. గిలెస్పీని తాడుతో కోట గోడ మీదికి లాగారు. గుర్రాలు లాగే చిన్న ఫిరంగులు వెనకాల వచ్చాకే తలుపు పగిలింది. ఆ ఫిరంగుల్ని 'గ్యాలపర్' అనేవారు. అవి రెజిమెంటుతోనే ఉండేవి. వాటి గురించి మొదటి అధ్యాయంలోనే చెప్పి ఉంచు, ఇక్కడికి వచ్చాక వివరించడం మొదలుపెడితే కథ కుంటుపడుతుంది.

తలుపు పగిలాక లోపల జరిగింది ఊచకోత. ఆ మాటే వాడు. చనిపోయిన సిపాయిలు 350 మంది అని కొందరు, 800 అని కొందరు రాశారు. ఒకటి ఎంచుకుని ఖాయం చేయకు. రెండూ రాసి, ఏది ఎవరి మాటో చెప్పు. ఆ సిపాయిలు మద్రాసు పదాతివాళ్లు. కంపెనీ మొదట్లో మన సీమల నుంచి సిపాయిల్ని తీసుకోబట్టే ఉత్తరాదిలో సిపాయికి 'తిలంగా' అన్న పేరు స్థిరపడింది. తెలుగులో రాస్తున్నావు కదా, కోట తలుపుకు అటు కూడా నీ పాఠకుడి మనుషులు ఉండి ఉంటారని మనసులో పెట్టుకుని రాయి.

చివరి అధ్యాయం పొడిగించకు. 1807లో తిరుగు ఓడలు, తర్వాత లాన్సర్లుగా, అంటే ఈటెల రౌతులుగా మారడం, 1821లో రద్దు. అసాయె పేరు, ఏనుగు గుర్తు 1874లో 19వ హుస్సార్లకు ఇచ్చారు. ఆ హుస్సార్లు 1858లో కంపెనీ బెంగాల్లో పెట్టిన యూరోపియన్ రెజిమెంటు సంతానం. నంబరు తప్ప రక్తసంబంధం లేదు. ఆ సంగతి రెండు పేరాల్లో తేల్చెయ్యి.

ముందు 1791 అధ్యాయం మళ్లీ రాసి పంపు. ఎద్దుల లెక్క విడి కాగితం మీద వేసి దానికి జత చెయ్యి, కూడికలు చూస్తాను.

ఆశీస్సులతో.