ఓడ అడుగున వచ్చే చుట్టాలు

(ఈ శీర్షికలో జవాబులిస్తున్నది డ్రై డాకుల్లో, అంటే నీళ్లు తోడేసి ఓడలు బాగుచేసే చోట్ల, 31 ఏళ్లు ఓడల అడుగుభాగాలు తనిఖీ చేసి, విశాఖలో విశ్రాంత జీవితం గడుపుతున్న ఉద్యోగి.)

ప్రశ్న: మా అబ్బాయి సరుకు ఓడలో ఇంజనీరు. న్యూజిలాండ్ వెళ్లాల్సిన ఓడ మధ్యలోనే ఆగిపోయింది. "అడుగున చిప్పలు పట్టాయమ్మా, గోకించుకుని వెళ్లాలి, ఇంటికి రావడం ఆలస్యమవుతుంది" అంటున్నాడు. చిప్పలు పడితే అంత పెద్ద ఓడని ఆపేస్తారా? వాడు నా దగ్గరేమైనా దాస్తున్నాడా?
– ఒక తల్లి, గాజువాక

జవాబు: దాచడం లేదమ్మా. అబ్బాయి ఉన్నమాటే చెప్పాడు. నాలుగు రోజులు ఆలస్యమైనా క్షేమంగా వస్తాడు, మీరు నిశ్చింతగా ఉండండి.

ఉప్పునీళ్లలో ఏది ముంచినా ఊరికే ఉండదు. ముందు జిగురు పడుతుంది, దానిమీద నాచు, ఆపైన బార్నకిల్స్ (గట్టి గూడు కట్టుకునే రొయ్య జాతి జీవులు), చిప్పలు, గొట్టాల్లాంటి ఇళ్లు కట్టుకునే పురుగులు. బార్నకిల్ పిల్ల ఈదుకుంటూ వచ్చి తల కిందికి పెట్టి జిగురుతో అతుక్కుంటుంది. ఇక బతికినంత కాలం అక్కడే తలకిందులుగా ఉండి, కాళ్లతో నీళ్లలోంచి తిండి దువ్వుకుంటుంది. ఓడ ఎటుపోతే అటు, టిక్కెట్టు లేని ప్రయాణం. కొత్త రేవులో నీళ్లు దానికి నచ్చి గుడ్లు పెట్టిందా, అక్కడి చేపలకీ చిప్పలకీ కష్టకాలం మొదలైనట్టే.

అందుకే న్యూజిలాండ్ వాళ్లు 2018 మే నుంచి చట్టం పెట్టారు. వచ్చే ప్రతి ఓడా శుభ్రమైన అడుగుతోనే రావాలి. 21 రోజులు, అంతకు మించి ఉండే ఓడకైతే జిగురు పొర, గూస్ బార్నకిల్స్ అనే కాడ ఉన్న రకం తప్ప ఇంకేమీ ఉండకూడదు. చేరడానికి ముందు 30 రోజుల్లోపు గోకించుకోవడం ఒక దారి. మీ అబ్బాయి వాళ్లు చేస్తున్నది అదే అయ్యుంటుంది. సరుకు ఓడలకే అనుకోకండి. 2022 డిసెంబరులో వైకింగ్ ఓరియన్ అనే విహార నౌకకి అడుగున పెరిగిన మేట వల్ల వెళ్లాల్సిన రేవులు తప్పిపోయాయి. కొత్త సంవత్సరం వేడుకలకని ఎక్కిన వాళ్లు, అడిలైడ్‌కి దూరంగా నడిసముద్రంలో డైవర్లు అడుగు గోకుతుంటే పైన కూర్చోవలసి వచ్చింది.

ఒక్క మాట. మీ అబ్బాయి ఫోను చేస్తే చెప్పండి: పక్కలు నున్నగా ఉన్నాయని ధీమా పడొద్దు, మూలలు చూడమనండి. ఇంజను చల్లబడటానికి సముద్రపు నీళ్లు పీల్చుకునే గూడు ఒకటుంటుంది, సీ చెస్ట్ అంటారు. దాని జాలీ వెనక చీకట్లో చిప్పలు హాయిగా కాపురముంటాయి. చుక్కాని సందులు, ప్రొపెల్లర్ చుట్టుపక్కలు, ఓడని పక్కకి జరపడానికి ముందు అడ్డంగా ఉండే థ్రస్టర్ గొట్టం, ఇవన్నీ అంతే. ఇల్లు తుడిచినా మంచం కింద దుమ్ము ఉండిపోయినట్టు.

నా తప్పొకటి చెబుతాను. డాకులో నీళ్లు తోడేశాక ఓడ దిమ్మల మీద కూర్చుంటుంది. దిమ్మ ఆనిన చోట గోకడం కుదరదు, పెయింటు అందదు. కాబట్టి తర్వాతిసారి దిమ్మలు జరిపి పేర్చాలి, పాత మచ్చలకి అప్పుడు పెయింటు పడుతుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో, పాత ప్లాను తీసి చూసే ఓపిక లేక, దిమ్మలు ఉన్నచోటే ఉంచేశాను. ఆ ఓడ మళ్లీ వచ్చినప్పుడు చూడాలి! అడుగంతా అద్దంలా ఉంది, మధ్యలో వరసగా చదరాలు చదరాలుగా, దిబ్బరొట్టె మందాన బార్నకిల్స్. మా ఫోర్‌మన్ ఏమీ అనలేదు. గోకుడు కత్తి నా చేతికిచ్చి వెళ్లిపోయాడు.

ప్రశ్న: జంతుశాస్త్రం చదువుతున్నాను. విశాఖ రేవులో స్తంభాలకి గుత్తులు గుత్తులుగా ఉండే నల్లచారల చిన్న చిప్పలు మనవి కావని మా సీనియర్ అన్నాడు. నిజమా?
– విద్యార్థిని, అనకాపల్లి

జవాబు: నిజమేనమ్మా. వాటి పుట్టిల్లు అట్లాంటిక్ అవతల, కరీబియన్ సముద్రం, మెక్సికో సింధుశాఖ తీరాలు. మన దేశంలో మొదట కనబడింది విశాఖ రేవులోనే, 1967లో. ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆచార్యులు పి.ఎన్. గణపతి గారు, మరో ఇద్దరు కలిసి 1971లో దానిమీద పరిశోధన పత్రం ప్రచురించారు. అప్పటి పేరు కాంజీరియా సల్లేయి. ఇప్పుడు మైటిలాప్సిస్ సల్లేయి అంటున్నారు. లైబ్రరీలో వెతికేటప్పుడు రెండు పేర్లతోనూ వెతుకు, లేకపోతే సగమే దొరుకుతుంది.

అదంత మొండిది ఎందుకయిందంటే, ఉప్పయినా చప్పనయినా దానికొకటే. వానాకాలంలో మేఘాద్రిగెడ్డ నీళ్లు లోపలి రేవులోకి దిగినప్పుడు చాలా సముద్రజీవులు తట్టుకోలేవు. ఇది తట్టుకుంటుంది. మురికినీళ్లూ దానికి లెక్కలేదు. వేలిగోరంత పెరగ్గానే గుడ్లకి వచ్చేస్తుంది.

దీని కథలో నాకు కడుపుమంట తెప్పించే భాగం ఆస్ట్రేలియాలో ఉంది. 1999 మార్చిలో డార్విన్‌లో పడవలు నిలిపే కల్లెన్ బే మెరీనాలో ఇదే చిప్ప బయటపడింది. ఆరేడు నెలల ముందు వెతికితే ఒక్కటీ లేదు. బయటపడేనాటికి కొన్నిచోట్ల చదరపు మీటరుకి 20 వేల పైచిలుకు! అక్కడ ఆటుపోట్లు చాలా ఎక్కువ కాబట్టి మెరీనాలకి నీటి గేట్లున్నాయి. వెంటనే గేట్లు మూసేశారు, పడవల్ని కదలనివ్వలేదు, నీళ్లలో క్లోరిన్, మైలతుత్తం కలిపారు. లోపలున్న మిగతా జీవాలూ పోయాయి, 20 లక్షల డాలర్ల పైన ఖర్చయింది, కానీ నెల తిరక్కుండా చిప్ప అన్నది లేకుండా చేశారు. మన రేవుకి గేటెక్కడ పెడతాం? సముద్రానికి తెరిచిన కాలువ. పైగా 1967లో దీన్ని పట్టించుకోవాలన్న ఆలోచన ప్రపంచంలోనే తక్కువ. మా కాలంలో కూడా, గోకిన చిప్పల్ని డాకు అడుగునుంచి పైపుతో కడిగి తిరిగి రేవులోకే వదిలేసేవాళ్లం. శుభ్రం చేస్తున్నామనే అనుకునేవాళ్లం.

ఇలాంటిదే ఇంకొకటి ఇప్పుడు పక్కనే ఉంది. చెన్నై పక్కన ఎన్నూరు వాగులో దక్షిణ అమెరికా చిప్ప, మైటెల్లా, బురద మీద చాపలా పరుచుకుంది. రొయ్య బురదలో దూరడానికి చోటు లేదు. అక్కడి మత్స్యకారులు ఏళ్లుగా మొరపెట్టుకుంటున్నారు. అక్కడినుంచి పులికాట్ వైపు పాకింది, పులికాట్‌లో ఎక్కువ భాగం మనదే. ప్రాజెక్టు వర్కుకి అంశం కావాలంటే సూళ్లూరుపేట బస్సెక్కు.

ప్రశ్న: ఇన్ని తిప్పలెందుకు? ఏదీ అంటకుండా గట్టి విషం కలిపిన పెయింటు వేసేస్తే సరిపోదా?
– పాఠకుడు, కాకినాడ

జవాబు: వేశాం. ట్రైబ్యూటైల్ టిన్ అని తగరం కలిసిన మందు. ఆ పెయింటు వేసిన ఓడ అయిదేళ్లకి డాకులోకి వచ్చినా అడుగు పళ్లెంలా ఉండేది, మేం మురిసిపోయేవాళ్లం. ఫ్రాన్స్‌లో ఆర్కషాన్ అఖాతం దగ్గర తినే గుల్లలు (ఆయిస్టర్లు) పెంచేవాళ్లకి 1970ల చివర్లో దీని అసలు రూపం తెలిసింది: గుల్ల పిల్లలు నిలబడలేదు, బతికిన వాటి పెంకులు వికారంగా మందమైపోయాయి. ఆ దేశం 1982లోనే చిన్న పడవలకి ఆపేసింది. ఇంకొన్నిచోట్ల ఆడ నత్తలకి మగ లక్షణాలు వచ్చాయి. 2001లో అంతర్జాతీయ ఒప్పందం కుదిరి, 2008 సెప్టెంబరులో అమల్లోకి వచ్చాక ఓడలకి ఆ పెయింటు దాదాపు పోయింది. ఇప్పుడు ఎక్కువగా రాగి కలిసినవి, లేదా ఏదీ పట్టు దొరకక జారిపోయే సిలికాన్ పూతలు.

ఇంకో సంగతి. ఓడలు నిలకడ కోసం లోపల నింపుకునే బ్యాలస్ట్ నీళ్లలో వచ్చే జీవుల మీద 2017 నుంచి అంతర్జాతీయ చట్టం అమల్లో ఉంది. అడుగున పట్టే వాటికి మాత్రం 2011లో రాసి 2023లో దిద్దిన మార్గదర్శకాలే ఉన్నాయి. పాటించమని చెప్పడమే, బలవంతం లేదు. ఎవరికి వారు చట్టం చేసుకున్న దేశాలే గట్టిగా అడుగుతున్నాయి. నా ఉద్దేశంలో ఇది తలుపుకి తాళం వేసి కిటికీ తెరిచిపెట్టడం.

ప్రశ్న: బాబాయ్, వేట నిషేధంలో బోటు రెండు నెలలు కట్టేసి ఉంచితే చిప్పలు పట్టేస్తున్నాయి. డీజిలు ఎక్కువ తాగుతోంది. ఏం చేయమంటావు?
– బోటు యజమాని, విశాఖ ఫిషింగ్ హార్బర్

జవాబు: ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు కదలని బోటంటే చిప్పలకి పండగే కదా. కదిలే బోటుకి తక్కువ పడతాయి, ఆగిన బోటుకి ఎక్కువ. చిప్పలదాకా కూడా అక్కర్లేదు. అరమిల్లీమీటరు జిగురు అడుగులో సగం కమ్మినా, ఓడని బట్టి, ఇంధనం పాతిక ముప్పై శాతం దాకా ఎక్కువ కాలుతుందని అంతర్జాతీయ సముద్రయాన సంస్థ లెక్క. నీ బోటుకి అదే అంకె సరిపోతుందని కాదు, దారి మాత్రం అదే.

నిషేధం మొదలవగానే బోటుని గట్టుకి లాగే స్లిప్‌వే ఎక్కించు, చివరి వారంలో కాదు. నీళ్లలో ఉండగా కళాసీలని దింపి గోకించొద్దు. రాలిన చిప్పల్లో బతికున్నవి ఉంటాయి, నీ పక్క బోటుకే అతుక్కుంటాయి. గట్టు మీద టార్పాలిన్ పరిచి గోకించు, ఎండలో బాగా ఎండనిచ్చి చెత్తబండికెయ్యి. పాత పెయింటు పొడిగా ఉండగా రుద్దితే ఆ రాగి దుమ్ము ఊపిరితిత్తులకి పోతుంది. తడిపి రుద్దమను, మూతికి మాస్కు కట్టుకోమను. మా మావయ్య కాలంలో చెక్క పడవలకి జీడిపిక్కల నూనె పూసేవారు, చేతులు బొబ్బలెక్కేవి. ఇప్పటి పెయింటు దానికంటే మంచిదేమీ కాదు చర్మానికి.

పెయింటు వేశాక ఎన్ని రోజుల్లోపు నీళ్లలోకి దింపాలో డబ్బా మీద ఉంటుంది, చదివించుకో. నీళ్లు పీల్చే జాలీ విప్పించి లోపల కూడా పూయించు. తుప్పు పట్టకుండా అడుగున బిగించిన జింక్ ముక్కలకీ, ఎకో సౌండర్ ముఖానికీ మాత్రం కాగితం అంటించి వదిలేయమను. పోయినేడు మీ పక్క బోటాయన వాటిమీదా ఎర్రగా పూయించేసి, చేపల జాడ చూపించడం లేదని మిషను మార్చేశాడు.