గొంతు ఒక్కటీ ఉంటే సరిపోతుందా?

ప్రశ్న: మాది మియాపూర్‌లో 60 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్, నేను అసోసియేషన్ ట్రెజరర్‌ని. ఏటా ఎండాకాలం బోరు ఎండిపోయి ట్యాంకర్లకు డబ్బు పోస్తున్నాం కదా, ఇంకుడు గుంతలు తవ్విద్దాం, ఫ్లాటుకు 5,000 వేసుకుందాం అని జనరల్ బాడీ మీటింగులో పవర్‌పాయింట్ వేసి మరీ చెప్పాను. వెనక నుంచి ఒకాయన లేచి "కాంట్రాక్టర్ నీకెంత ఇస్తున్నాడు సార్?" అన్నాడు, అందరూ నవ్వారు, మీటింగ్ అయిపోయింది. నలుగురిలో నాకు గొంతు పెగలదు. స్పీకింగ్ కోర్సులో చేరమంటారా?
- ఒక పాఠకుడు, మియాపూర్

జవాబు: చేరితే చేరండి, గొంతు బాగుపడుతుంది, వచ్చే మీటింగులో ఆ ప్రశ్న మాత్రం మళ్లీ వస్తుంది. వాళ్లకు అనుమానం మీ జేబు మీద, దానికి గొంతేం చేస్తుంది? ఎదుటివాణ్ని ఒప్పించేవి మూడని అరిస్టాటిల్ 2,300 ఏళ్ల కిందటే చెప్పాడు: చెప్పే మనిషి మీద నమ్మకం, వినేవాళ్ల మనసు, మాటలో ఉన్న తర్కం. మీరు మూడోదానికి స్లైడ్లు చేసుకుని మొదటిదాన్ని ఇంట్లో వదిలేసి సెల్లార్‌లో మీటింగుకు దిగారు.

1966లో అమెరికాలో వాల్‌స్టర్, ఆరన్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు, ఇంకొకరితో కలిసి ఒక ప్రయోగం చేశారు. శిక్షపడిన ఒక నేరస్తుడి మాటలంటూ జనం ముందు పెట్టారు. కోర్టుల అధికారం తగ్గించాలని అతను అంటే ఎవరూ లెక్కచేయలేదు, అదే మనిషి కోర్టులకు ఇంకా అధికారం ఇవ్వాలి అనేసరికి జనం మెత్తబడ్డారు, ఎందుకంటే అది అతనికే నష్టం. మీ సంగతీ అంతే. ముందు మీ 5,000 కట్టేసి రసీదు నోటీసు బోర్డులో పెట్టండి, మూడు కొటేషన్లు పక్కనే అంటించండి, కాంట్రాక్టర్ మీకు తెలిసినవాడైతే ఎవరో కనిపెట్టేదాకా ఆగకుండా మీరే చెప్పేయండి. ఆ వెనక కూర్చున్నాయన ఉన్నాడే, ఓ సాయంత్రం వాళ్లింటికెళ్లి చాయ్ తాగి, ఒక కొటేషన్ ఆయన్నే తెమ్మనండి.

ఇంకోటి, గుంతలు తవ్వగానే ట్యాంకర్లు మాయమవుతాయని చెప్పకండి. వాన పడాలి, నీళ్లు ఇంకాలి, టైం పడుతుంది, అసలు వానే పడకపోతే ఆ ఏడాదికి లాభం లేదు, ఇవన్నీ మీ నోటితోనే రావాలి. 1945లో అమెరికా సైనికుల మీద చేసిన పరీక్షలో తేలిందేమిటంటే, ముందే మనవైపు ఉన్నవాళ్లకు మన వాదన ఒక్కటే చాలు, ఎదురు తిరిగినవాళ్లకు రెండువైపులా చెబితేనే ఎక్కువ పనిచేసింది. మన అపార్ట్‌మెంట్లలో డబ్బు మాటెత్తితే అందరూ రెండో రకమే కదా!

అలాగని "నాకు మాట్లాడటం రాదండీ, ఏమనుకోకండి" అని మొదలుపెట్టకండి. పోయిన ఏప్రిల్, మే ట్యాంకర్ల బిల్లు ఫ్లాటుకు ఎంత పడిందో ఒక్క అంకె చెప్పండి, దాంతోనే మొదలుపెట్టండి. లెక్క పక్కాగా ఉంటే కాస్త తడబడినా ఎవరూ పట్టించుకోరు.

ప్రశ్న: నేను చేరిన కోచింగ్ సెంటర్లో సార్ మాటల విలువ 7 శాతమే, మిగతా 93 గొంతూ బాడీ లాంగ్వేజే అంటున్నారు. నిజమేనా?
- ఒక విద్యార్థిని, అమీర్‌పేట

జవాబు: ఆ అంకెలు 1967లో మెహ్రాబియన్ అనే ప్రొఫెసర్ ప్రయోగాల్లోవి. ఎదుటివాళ్లకు మనమంటే ఇష్టమా కాదా అన్నది, విడివిడి మాటలు వినిపించి, ముఖాల ఫోటోలు చూపించి పరీక్షించారు. ఉపన్యాసాల ఊసే లేదు అందులో, భావాలూ ఇష్టాయిష్టాల గురించి కాని చోట ఈ లెక్క వర్తించదని ఆయనే అన్నాడు కూడా. మీ సార్‌కి నమ్మకం కుదరకపోతే, ఈసారి చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో అవధానం జరిగినప్పుడు చెవుల్లో దూది పెట్టుకుని కూర్చుని, అవధాని చేతులూ ముఖమూ చూసి పద్యం 93 శాతం అప్పజెప్పమనండి.