బజ్జీలు కాకుండా టమాటాతో నూనె తక్కువ పట్టే స్టార్టర్ ఏదైనా ఉందా?

మీ మామగారికి డాక్టరు నూనె తగ్గించమన్నారు, ఆదివారం చుట్టాలొస్తున్నారు, ఆయనకి విడిగా వేరే పళ్లెం పెట్టి చిన్నబుచ్చడం ఇష్టం లేదన్నారు. ఆ చివరి మాట నాకు చాలా నచ్చిందండీ. మా నాన్నగారికి ఇదే పరిస్థితి వచ్చినప్పటి నుంచి మా ఇంట్లో ఎవరొచ్చినా మసాలా టమాటాయే. మైసూరు, బెంగళూరుల్లో చురుమురి (మరమరాల మిక్చర్) బండ్ల దగ్గర టమాటా చక్రాల మీద ఉల్లిపాయ, క్యారెట్ తురుము వేసి ఇస్తారు చూడండి, దాదాపు అదే.

కాయలు మాత్రం బెంగుళూరు టమాటాలే తీసుకోండి, గట్టిగా, కండ ఎక్కువగా ఉంటాయి. నాటు టమాటా రుచి గొప్పదే గానీ చక్రాలుగా కోస్తే రసమంతా పళ్లెంలోకి దిగిపోతుంది. దాన్ని పప్పుకో చారుకో ఉంచండి. నాలుగు కాయలకి ఒక చిన్న ఉల్లిపాయ సన్నగా తరిగి, ఒక క్యారెట్ తురిమి, పచ్చిమిర్చి, కొత్తిమీర, వేయించిన జీలకర్ర పొడి, రెండు చెంచాల పుట్నాల పొడి కలపండి. పుట్నాలు టమాటా నీటిని పీల్చుకుంటాయి, కమ్మదనమూ ఇస్తాయి. వాటి బదులు వేరుశనగ పొడి మాత్రం వద్దు, పల్లీల బరువులో దాదాపు సగం కొవ్వే. కారప్పూస కూడా నూనెలో దేవిందే కాబట్టి, కరకర కావాలంటే మరమరాలు పొడి మూకుట్లో వేడిచేసి పైన చల్లండి.

ఇక తాలింపు. అసలు రుచంతా ఇక్కడే ఉంది. వెడల్పు మూకుట్లో ఒక చెంచా నూనె వేస్తే పల్చగా పరుచుకుపోయి ఆవాలు చిటపటలాడకుండానే మాడతాయి. అదే చిన్న తాలింపు గరిటలో అయితే నూనె అడుగున గుంటలా నిలిచి, ఆవాలు అందులో మునిగి చక్కగా పేలతాయి. ఆవాలు, జీలకర్ర, చివర్లో కరివేపాకు, ఇంగువ. ఆ ఒక్క టీస్పూన్ తాలింపునీ చక్రాలన్నిటి మీదా కొద్దికొద్దిగా వేస్తే చాలు, తినే ముందే వాసన అందరికీ తగులుతుంది.

నా అనుభవంలో నూనె తగ్గించడమంటే ప్రతి వంటలోనూ కాస్త కాస్త కోసెయ్యడం కాదు. అలా చేస్తే అన్నీ చప్పగా అనిపించి నెల తిరక్కుండానే ఇంట్లోవాళ్లు పాత పద్ధతికి వచ్చేస్తారు. నూనె ముక్కుకి తగిలే చోట ఉంచి, ఊరికే ఇంకిపోయే చోట తీసెయ్యాలి. ఉల్లిపాయలు మగ్గడానికి ఉప్పు వేసి మూత పెట్టి మధ్యలో నీళ్లు చిలకరిస్తే సరిపోతుంది. వంకాయ ఎంత పోస్తే అంత తాగుతుంది కాబట్టి ముందు ఆవిరి మీద ఉడికించి, ఆ తర్వాత తాలింపు వెయ్యండి.

అలాగని పూర్తిగా మానెయ్యక్కర్లేదు. టమాటాకి ఎరుపునిచ్చే లైకోపీన్ ఒంటికి పట్టాలంటే కాస్త కొవ్వు తోడుండాలి. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో 2000 కేలరీల ఆహారానికి రోజుకి 27 గ్రాముల నూనె, నెయ్యి లెక్క చెప్పింది. అంటే సుమారు ఆరు టీస్పూన్లు. నలుగురు పెద్దవాళ్లున్న ఇంటికి నెలకి మూడున్నర లీటర్లు, నెయ్యితో కలిపి. మీ సరుకుల చీటీతో ఒకసారి పోల్చి చూసుకోండి. మామగారికి డాక్టరు ఇంకా తక్కువ చెప్పి ఉంటే ఆ లెక్కే పాటించండి.

ఆదివారం పొద్దున్నే చక్రాలు, తురుము విడివిడిగా ఫ్రిజ్‌లో పెట్టేసుకోవచ్చు. ఉప్పు, నిమ్మరసం, తాలింపు మాత్రం అందరూ కూర్చున్నాకే. ఉప్పు ముందే చల్లితే బెంగుళూరు టమాటా కూడా నీరు వదిలేస్తుంది.