దివాలా తీసిన ఇంజన్ కంపెనీ సరుకు ఇంటికి కొనొచ్చా?

మీరడిగింది: బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ 2020లో దివాలా తీసింది కదా, ఇప్పుడు వాళ్ల జనరేటరో ఇంటి బ్యాటరీయో కొంటే రేపు దిక్కెవరు అని.

మేం హ్యూస్టన్‌లో ఉంటాం. ఆ దివాలాకి ముందే కొన్న జనరేటర్ ఒకటి మా గరాజ్‌లో ఉంది, దాని ఇంజన్ వాళ్లదే. అందుకని నా అనుభవమే చెప్తాను.

1908లో మిల్వాకీలో పుట్టిన కంపెనీ అది. 2020 జులైలో అమెరికా దివాలా చట్టంలోని చాప్టర్ 11 కింద కోర్టుకెళ్లింది. చాప్టర్ 11 అంటే షట్టర్ దించేయడం కాదు, వ్యాపారం నడుపుకుంటూనే అప్పుల లెక్క తేల్చుకోవడం. కేపీఎస్ అనే పెట్టుబడి సంస్థ సుమారు 55 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. 2021లో బ్రిగ్స్ వాళ్లు సింప్లిఫై పవర్ అనే బ్యాటరీల కంపెనీని కొని అందులోకీ దిగారు. ఈ రంగంలో చేతులు మారడం మామూలే. జనరేటర్లు చేసే జెనరాక్ కూడా 2019లో పికా ఎనర్జీని కొనే బ్యాటరీల్లోకి వచ్చింది. మరో కంపెనీ కోహ్లర్ తన జనరేటర్ల విభాగాన్ని 2024లో విడదీస్తే అది రెల్కో అయింది. అందుకే యజమాని ఎవరన్నదాని మీద నేను పెద్దగా బుర్ర పాడుచేసుకోను.

అసలు పాఠం 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో నేర్చుకున్నా. కరెంటు పోయింది. గర్వంగా జనరేటర్ బయటికి లాగి, చోక్ వేసి, తాడు లాగాను. లాగాను, లాగాను, భుజం పట్టేసింది గానీ అది దగ్గను కూడా దగ్గలేదు. వెనక వీధిలో ఉండే తెలుగు పెద్దాయన వచ్చి ఒక్కటే అడిగారు: "బాబూ, ట్యాంకులో పెట్రోలు ఎప్పటిది?" రెండేళ్ల నాటిదండీ అన్నాను. ఆయన నవ్వలేదు, స్పానర్ అడిగారు.

కార్బ్యురేటర్ కింద గిన్నె విప్పితే అడుగున పసుపుపచ్చ జిగురు. ఇక్కడి పెట్రోల్లో ఇథనాల్ కలుస్తుంది. అది తేమ లాక్కుంటుంది, పెట్రోలేమో ఎక్కువ కాలం నిలవ ఉంటే అలా బంకగా మారుతుంది. ఇంజన్‌కి పెట్రోలు అందించే జెట్‌లో సూదిమొనంత రంధ్రం పూర్తిగా మూసుకుపోయింది. కరెంటు వైరులోంచి ఒక్క రాగి పోగు తీసి దాన్ని పొడిచారాయన. కొత్త పెట్రోలు పోసి లాగితే మూడోసారికి అందుకుంది. తప్పు నాదే, ఇంజన్‌ది కాదు.

తర్వాత గ్యాస్కెట్లు, అంటే అతుకుల దగ్గర కారకుండా పెట్టే పట్టీలు, కావాల్సొచ్చింది. ఇంజన్ రేకు మీద మోడల్, టైప్, కోడ్ అని మూడు నంబర్లు కొట్టి ఉంటాయి (కోడ్ మొదటి అంకెల్లోనే తయారైన తేదీ ఉంటుంది, నాకదో ముచ్చట). అవి చెప్తే చాలు, సరిగ్గా సరిపోయేవే వచ్చాయి. అప్పటికి కంపెనీ దివాలా తీసి, చేతులు మారి నెలలైంది. ఇంజన్ విషయంలో మీ భయానికి నా జవాబు ఇదే.

బ్యాటరీ దగ్గర మాత్రం నేను ఇంత ధీమాగా చెప్పను. అది మూసేసిన పెట్టె. దాని బుర్రంతా ఇన్వర్టర్ సాఫ్ట్‌వేర్‌లో ఉంటుంది, రాగి పోగుతో పొడిచే రంధ్రం ఏదీ లేదు. పదేళ్ల వారంటీ అంటారు సరే, అది ఏ సంస్థ పేరు మీద రాసుంది, పాడైతే ఇంటికొచ్చేది ఎవరు అన్నవి కాగితం మీద చూడండి. డీలర్ దానికి తడబడితే కొనకండి. ఎంత కావాలో కూడా లెక్కేసుకోండి. ఫ్రిజ్‌కి రోజుకు ఒకటి, ఒకటిన్నర యూనిట్ చాలు. అదే సెంట్రల్ ఏసీ ఆగకుండా తిరిగితే పది యూనిట్ల బ్యాటరీని మూడు నాలుగు గంటల్లో తాగేస్తుంది. ఫ్రిజ్, లైట్లు, వైఫై వరకైతే బ్యాటరీ హాయి, చప్పుడుండదు. రోజుల తరబడి కరెంటు పోయే చోట సోలార్ లేకుండా అదొక్కటే చాలదు.

జనరేటరే కొంటే ఇంటికి ఇరవై అడుగుల దూరంలో, పొగ కిటికీల వైపు రాకుండా పెట్టండి. గరాజ్ తలుపు తెరిచే ఉందిగా అనుకోవద్దు. ఆ తుఫాను వారంలో టెక్సస్‌లో ఆ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకి ప్రాణాలు పోయాయి. ఇంటిని బయటి లైను నుంచి విడదీసి జనరేటర్‌కి కలిపే ట్రాన్స్‌ఫర్ స్విచ్ ఎలక్ట్రీషియన్ చేతే పెట్టించండి. అది లేకుండా జనరేటర్ నుంచి గోడ ప్లగ్గులోకి ఎదురు కరెంటు ఎక్కిస్తే, బయట లైను బాగుచేసే మనిషికి షాక్ కొడుతుంది.

నేనింకా బ్యాటరీ కొనలేదు. పాత జనరేటర్‌నే నెలకోసారి పది నిమిషాలు తిప్పి, పెట్రోలు కట్టేసి, గిన్నె ఖాళీ అయి దానంతటది ఆగేదాకా పక్కనే నిలబడుతున్నా.