లెదర్ మీద కుట్టు వదిలేస్తోందా? హుక్ సంగతి తర్వాత, ముందు సూది తీసి చూడండి

ప్రశ్న: అన్నగారూ, నాది ఆటోనగర్‌లో సీట్ కవర్ల షాపు. ఈమధ్యే పాత వాకింగ్ ఫుట్ మిషన్ (ముక్కను నొక్కే పాదం కూడా దానితో పాటు నడిచేది) ఒకటి సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. రెగ్జిన్ ఒక్క పొర అయితే కుట్టు చక్కగా పడుతోంది, కానీ లెదర్ రెండు పొరలు, మధ్యలో ఫోమ్, పైపింగ్ వచ్చేసరికి నాలుగు కుట్లు పడితే ఒకటి వదిలేస్తోంది. టెన్షన్ బిగిస్తే దారం తెగుతోంది. మెకానిక్ వచ్చి చూసి టైమింగ్ పోయింది, హుక్ కూడా అరిగింది, మార్చాలి అంటున్నాడు. మార్చాల్సిందేనా?
– ఒక పాఠకుడు, ఆటోనగర్, విజయవాడ

జవాబు: ఇప్పుడే మార్చకండి. టైమింగ్, అంటే సూది లేచే వేళకు హుక్ వచ్చి కలవడం, బాగా తప్పిన మిషన్ ఒక్క పొర మీద కూడా సరిగ్గా కుట్టదు. మీకు పల్చటి చోట బాగుండి మందం పెరిగిన చోటే వదిలేస్తోందంటే కారణం చాలాసార్లు సూది దగ్గరో పాదం దగ్గరో ఉంటుంది, వాటిని సరిచేయడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

అసలు కుట్టు ఎలా పడుతుందో చూడండి. సూది కిందికంటా దిగి మళ్లీ రెండు మిల్లీమీటర్లు పైకి లేచేసరికి, సూది పక్కన దారం కొంచెం వదులై చిన్న ఉంగరంలా ఉబ్బుతుంది, బాబిన్ చుట్టూ కింద తిరిగే హుక్ కొన వచ్చి ఆ ఉంగరాన్నే పట్టుకుంటుంది. లెదర్ ఏమో సూదిని గట్టిగా పట్టేస్తుంది, దాంతో సూది లేచేటప్పుడు లెదర్ కూడా దాని వెంటే లేస్తుంది, మధ్యలో ఫోమ్ ఉంటే మరీనూ. లెదర్ లేచిందంటే దారం వదులు కాదు, ఉంగరం రాదు, హుక్ ఖాళీగా తిరిగి వెళ్లిపోతుంది. దీన్ని మీరే కళ్లారా చూడొచ్చు. మోటారు స్విచ్ ఆపేసి, అదే ఫోమ్ పెట్టిన ముక్కను పాదం కింద పెట్టి, చక్రం చేత్తో మెల్లగా తిప్పండి. సూది లేస్తున్నప్పుడు దాని చుట్టూ లెదర్ బొడిపెలా ఉబ్బి, సూది బయటికి రాగానే టక్కున కిందికి పడుతోందా? అయితే పాదం ఒత్తిడి చాలడం లేదు. పైన ఉన్న ప్రెజర్ స్క్రూ సగం చుట్టు చొప్పున బిగిస్తూ ముక్క మీద కుట్టి చూసుకోండి. లెదర్ మీద పాదం పళ్ల గుర్తులు పడ్డాయంటే ఎక్కువైందన్నమాట, కొంచెం వెనక్కి తిప్పండి.

దానికంటే ముందు సూది. వాకింగ్ ఫుట్ మిషన్లలో చాలావాటికి డీపీ×17 సూది, దాన్నే 135×17 అంటారు. షాపులో అది లేకపోతే డీపీ×5 ఇచ్చి ఇదీ అదే అంటారు. కాండం లావు ఒకటే కాబట్టి మిషన్‌లో చక్కగా దూరుతుంది, కానీ పొడవు బాగా తక్కువ, హుక్‌కు దారం అందనే అందదు. అది పెడితే ఒక్క కుట్టూ పడదు, మీలా అప్పుడప్పుడూ వదిలేయడం కాదు. కాబట్టి మీ సూది రకం సరైనదే అయ్యుంటుంది, సైజు మీదే నా అనుమానం. దారం కోన్ మీద టికెట్ నంబరు చూడండి, నంబరు తగ్గేకొద్దీ దారం లావు. 40 నంబరు బాండెడ్ (పోగులు విడిపోకుండా పూత వేసిన) దారానికి 18 సైజు సూది, 30కి 19 లేదా 20, 20 నంబరు లావు దారానికి 22 పెట్టాలి. షాపులో ఉన్నదేదో పెట్టి లావు దారం లాగిస్తుంటారు చాలామంది, ఇక దారం తెగక ఏంచేస్తుంది? మీకు టెన్షన్ బిగించగానే తెగుతోందంటే ఇదే కావచ్చు. జానెడు దారం సూది కన్నంలోంచి ఎక్కించి, దారాన్ని రెండు చివరలా పట్టుకుని ఏటవాలుగా వంచండి. సూది తన బరువుకు తానే జారి కిందికి రావాలి. మధ్యలో ఆగిందంటే సూది చిన్నది.

సూది మొన కూడా చూడండి. బట్ట సూది గుండ్రంగా గుచ్చుకుపోతుంది, లెదర్ సూది మొన చిన్న కత్తిలా కోస్తూ దిగుతుంది. అసలు లెదర్‌కు లెదర్ మొనే మేలు, సూది తేలిగ్గా దిగుతుంది, తేలిగ్గా బయటికి వస్తుంది. రెగ్జిన్‌కు మాత్రం అది పెట్టకండి, కోసిన చోటల్లా చిరుగుతుంది. లెదర్‌కైనా కుట్టు మరీ దగ్గరగా వేస్తే స్టాంపుల షీటు మీద చిల్లుల వరసలా తయారై లాగగానే ఊడొస్తుంది. సీట్లకు 4 మిల్లీమీటర్ల కుట్టు పెట్టుకోండి. సొల్యూషన్ రాసి అంటించిన ముక్కలైతే పూర్తిగా ఆరాకే కుట్టండి, పచ్చిగా ఉంటే జిగురు సూదికి పట్టి దారాన్ని అంటిపెట్టేస్తుంది, అప్పుడూ కుట్టు వదిలేస్తుంది. సూది పక్కన లోతుగా చెక్కినట్టు ఉండే గుంట హుక్ వైపుకే తిరిగి ఉండాలి, సూది పైకంటా దూరాకే స్క్రూ బిగించాలి. మెకానిక్‌లు కూడా ఒక్కోసారి దీన్ని చూడకుండా నేరుగా హుక్ స్క్రూల మీదకు పోతారు, నాకు ఒళ్లు మండేది అక్కడే.

ఇవన్నీ చూశాక కూడా వదిలేస్తుంటే అప్పుడు టైమింగ్. కొత్త సూది పెట్టి, పక్క ప్లేటు జరిపి, చక్రం చేత్తో తిప్పండి. సూది అట్టడుగు నుంచి 2 నుంచి 2.5 మిల్లీమీటర్లు లేచేసరికి హుక్ కొన సూది మధ్యకు రావాలి, సూది కన్నానికి కొంచెం పైన ఉండాలి. సూదికీ హుక్ కొనకూ మధ్య సందు పల్చటి కాగితం దూరేంత, అంతే. తగలకూడదు, దూరంగానూ ఉండకూడదు. ఇది తేడాగా కనిపిస్తే సరిచేయమని మెకానిక్‌కు చెప్పండి. హుక్ కొన నిజంగా మొద్దుబారి, విరిగి కనిపిస్తే అప్పుడు మార్చండి. ఊరికే గరుకు తేలి ఉంటే 1000 నంబరు వాటర్ పేపర్‌తో మెల్లగా రుద్ది నునుపు చేస్తే చాలు, కొన మాత్రం గుండ్రంగా చేయకండి.

ప్రశ్న: అన్నయ్యా, నేను గుంటూరులో ఇంట్లోనే లెదర్ బ్యాగులు, పర్సులు కుడతాను. కుట్టు మొదలుపెట్టగానే కింద దారం పిచ్చుక గూడులా చుట్టుకుపోయి మిషన్ బిగుసుకుపోతోంది. బాబిన్ కేస్ స్క్రూ ఎంత బిగించినా అంతే. కొత్త బాబిన్ కేస్ కొనమంటారా?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: వద్దమ్మా. కింద చిక్కు కనిపిస్తే అందరూ బాబిన్‌నే అనుమానిస్తారు, కానీ కింద పోగుపడేది పై దారం. పై దారానికి బిగువు లేకపోతే హుక్ లాగినంతా కిందికి వచ్చేస్తుంది. ముందు బాబిన్ స్క్రూ ఎప్పట్లా పెట్టేయండి. పై దారం మొత్తం తీసేసి, పాదం పైకెత్తి మళ్లీ ఎక్కించండి. పాదం ఎత్తినప్పుడు టెన్షన్ బిళ్లలు విడిపోతాయి, దారం వాటి మధ్యలోకి దిగుతుంది. పాదం దించి ఎక్కిస్తే బిళ్లల అంచు మీదే ఉండిపోతుంది, మీరు ఎంత తిప్పినా బిగువు రాదు. పైకీ కిందికీ ఆడే లివర్ కన్నంలోంచి దారం పోయిందో లేదో చూడండి, చాలాసార్లు తప్పిపోయేది అక్కడే. బాండెడ్ దారం బిరుసుగా ఉంటుంది, స్ప్రింగులా చుట్లు తిరిగి బిళ్లల్లోంచి ఎగిరి బయటికి వస్తుంది కూడా, కాబట్టి స్టాండ్ మీది కొక్కెం కోన్‌కు సరిగ్గా నెత్తిన ఉండాలి, పక్కకు కాదు.

మొదలుపెట్టేటప్పుడు లివర్ పైకంటా ఉండాలి, రెండు దారాల చివరలూ వెనక్కి లాగి మొదటి రెండు మూడు కుట్లు పడేదాకా చేత్తో పట్టుకోవాలి. ఇది మానేస్తే ఎంత ఖరీదైన మిషనైనా గూడు కడుతుంది. ఇక మిషన్ బిగుసుకున్నప్పుడు చక్రాన్ని బలవంతంగా ముందుకు తిప్పకండి, టైమింగ్ నిజంగా పోయేది అలాగే. మోటారు ఆపి, చిక్కు కత్తిరించి, చక్రాన్ని ముందుకూ వెనక్కీ కొంచెం కొంచెం కదుపుతూ ముక్కలు లాగేయండి. కొన్ని వాకింగ్ ఫుట్ మిషన్లకు సేఫ్టీ క్లచ్ ఉంటుంది, బిగుసుకోగానే హుక్ తిరగడం ఆగిపోతుంది, సూది మాత్రం ఆడుతుంది. అది పాడైనట్టు కాదు, బెడ్ మీద ఉన్న చిన్న బటన్ నొక్కి పట్టుకుని చక్రం వెనక్కి తిప్పితే టక్కుమని మళ్లీ పట్టుకుంటుంది.

ప్రశ్న: సార్, పాత క్లచ్ మోటారు ఉన్న మిషన్. కాలు పెడితే చాలు బాణంలా దూసుకుపోతోంది, బ్యాగు మూల తిప్పేలోపే కుట్టు గీత దాటేస్తోంది. స్పీడు తగ్గేదెలా?
– ఒక పాఠకుడు, వన్‌టౌన్, విజయవాడ

జవాబు: క్లచ్ మోటారు స్విచ్ వేయగానే పూర్తి స్పీడుతో తిరుగుతూనే ఉంటుంది, మామూలుగా నిమిషానికి 1440 చుట్లు. పెడల్ దాన్ని మిషన్‌కు కలుపుతుందంతే. అలవాటైన పెద్ద మాస్టర్లు అరపాదంతో మెల్లగా నడిపిస్తారు, కొత్తవాళ్ల వల్ల కాదు. తక్కువ ఖర్చులో అయితే మోటారు పుల్లీ చిన్నది వేయండి. మోటారు వైపు 50 మిల్లీమీటర్లు, మిషన్ వైపు 100 ఉంటే కుట్లు నిమిషానికి 720కి దిగుతాయి. స్పీడు తగ్గడమే కాదు, గుచ్చే బలం కూడా పెరుగుతుంది. పుల్లీ మారితే బెల్టు సైజు కూడా మారుతుంది, పాత బెల్టు జారుతుంది.

నన్నడిగితే సర్వో మోటారు పెట్టుకోండి. గరిష్ఠ స్పీడు బటన్‌తో పెట్టుకోవచ్చు, మూల దగ్గర ఒక్కో కుట్టూ వేసుకోవచ్చు, పెడల్ తొక్కినప్పుడే తిరుగుతుంది కాబట్టి కరెంటూ ఆదా, రొదా ఉండదు. దానికి కూడా చిన్న పుల్లీయే వేయండి, లేకపోతే మందం దగ్గర మరీ మెల్లగా నడిపినప్పుడు కొన్ని ఆగిపోతాయి.

ప్రశ్న: ఆటో టాప్‌లకు నైలాన్ దారంతో కుడుతున్నాం. రెగ్జిన్ బాగానే ఉంటోంది, కుట్లే పొడి పొడిగా రాలిపోతున్నాయి.
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ఎండ. నైలాన్ గట్టిదే కానీ ఎండ దెబ్బకు తట్టుకోలేదు, మన ఎండలు తెలియనివా? బయట ఉండే ప్రతిదానికీ బాండెడ్ పాలిస్టర్ వాడండి. సీట్లకు, బ్యాగులకు నైలాన్ సరిపోతుంది.

ప్రశ్న: మిషన్‌లో కొబ్బరినూనె వేయొచ్చా? ఆయిల్ వేశాక లెదర్ మీద మరకలు పడుతున్నాయి.
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: వేయకండి. చలికి గడ్డకడుతుంది, తర్వాత జిగురై మిషన్‌ను పట్టేస్తుంది. నీళ్లలా తెల్లగా ఉండే కుట్టు మిషన్ ఆయిలే వాడండి. ఆయిల్ వేశాక పనికిరాని ముక్క మీద మూర పొడవు కుట్టి, మరక పడటం ఆగాకే అసలు పని పెట్టండి.

ప్రశ్న: కొత్త కార్లకు లెదర్ కవర్లు కుట్టమని వస్తున్నారు. సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్ అని ట్యాగ్ ఉంటోంది. పైనుంచి మామూలుగా కుట్టేస్తే ఏమవుతుంది?
– ఒక పాఠకుడు, ఆటోనగర్, విజయవాడ

జవాబు: ఆ ట్యాగ్ ఉన్న వైపు బ్యాగు సీటు లోపలి నుంచి కవర్‌ను చీల్చుకుని బయటికి రావాలి. అందుకే కంపెనీ కవర్‌లో ఆ చోట కుట్టు వేరుగా ఉంటుంది, ఫలానా దారం, ఫలానా కుట్టు పొడవు అని లెక్కపెట్టి, తెగాల్సినప్పుడు తెగేలా వేస్తారు. మీరు మంచి బలమైన దారంతో గట్టిగా కుట్టేస్తే అది తెగదు, బ్యాగు రావాల్సిన క్షణంలో రాదు. దారం పల్చటిది వేస్తే సరిపోతుందిలే అని మీ అంచనాతో కుట్టడమూ తప్పే. పార్టీకి ముందే చెప్పండి, ఆ వైపు తెరిచి ఉంచే కవర్ అయితేనే కుడతానని. లేదంటే ఆ కారుకు తగ్గట్టు ఎయిర్‌బ్యాగ్ కుట్టుతో తయారై వచ్చే కవర్ తెప్పించి బిగించి ఇవ్వండి. దానికీ ఒప్పుకోకపోతే ఆ పని వదిలేయండి.